తుపాకీ క్లాసులో అసలేం నేర్పుతారు? మీ ప్రశ్నలు, మా లాయరు జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో ఇళ్లల్లో దొంగతనాల కేసుల గురించి రాశాను. ఆ తర్వాత పిస్టల్ లైసెన్సు తీసుకోవచ్చా, క్లాసు ఎలా ఉంటుంది అని బెంగళూరు నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు కూడా రాశారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చాను. పొడుగు ఉత్తరాలు కుదించాను, ఏరియా పేరు తప్ప మిగతా వివరాలు తీసేశాను.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు వైపు. చాలా ఏళ్లుగా కె.ఆర్.పురంలో బంగారం తాకట్టు వ్యాపారం చేస్తున్నాను. రాత్రి షాపు మూశాక నగదు, నగలు కారులో ఇంటికి తెచ్చుకోవాల్సి వస్తోంది. పిస్టల్ లైసెన్సుకు అప్లై చేద్దామంటే ముందు ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాలన్నారు. నాకు షాపు వదిలి వెళ్లే తీరిక లేదు. క్లాసుకు రాకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. తీసుకోవచ్చా? అసలు ఆ క్లాసులో ఏం చెబుతారు?
(ఒక వ్యాపారి, కె.ఆర్.పురం)

జవాబు: తీసుకోవద్దండి. వెళ్లని క్లాసుకు వెళ్లినట్టు కాగితం పెడితే అది ప్రభుత్వానికి తప్పుడు పత్రం ఇచ్చినట్టే, బయటపడితే లైసెన్సు పోవడంతో ఆగదు, దొంగ సర్టిఫికెట్ కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది. నా భయం మాత్రం ఆ కేసు గురించి కాదు. రేపు మీ ఇంట్లో లోడ్ చేసిన పిస్టల్ ఉంటుంది, దాన్ని ఎలా ఖాళీ చేయాలో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. అది తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు.

2016లో కొత్త ఆర్మ్స్ రూల్స్ వచ్చాక, ఆత్మరక్షణ కోసం లైసెన్సు అడిగేవాళ్లు ఆయుధాల భద్రత మీద శిక్షణ పూర్తిచేసి ఎస్-1 అనే ఫారంలో సర్టిఫికెట్ చూపించాలి. దాంతోపాటు శారీరకంగా, మానసికంగా బాగున్నారని డాక్టరు ఇచ్చే పత్రం, ఆయుధాన్ని జాగ్రత్తగా వాడతాను, భద్రంగా దాస్తాను అని మీరు రాసిచ్చే హామీ కూడా కావాలి. బెంగళూరు నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. కర్ణాటక పోలీసులు 'నాగరిక బందూకు తరబేతి' పేరుతో పౌరులకు శిక్షణ శిబిరాలు నడుపుతుంటారు, అనుమతి ఉన్న రైఫిల్ క్లబ్బులూ ఉన్నాయి. ఎవరి సర్టిఫికెట్ చెల్లుతుందో కమిషనర్ ఆఫీసు లైసెన్సు విభాగంలో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

క్లాసుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది గురి చూసి కాల్చడం నేర్పుతారనుకుని వస్తారు. నేనూ ఆ శిక్షణ తీసుకున్నాను. కాల్చడం అందులో చివర వచ్చే కొద్ది భాగమే. మొదట చెప్పేది, చేతికొచ్చిన ప్రతి తుపాకీలో తూటా ఉందనే అనుకోవాలని. పక్కవాడు "ఖాళీదే అన్నా" అని చేతికిచ్చినా సరే, మీరు మళ్లీ తెరిచి చూడాల్సిందే. గొట్టం ఎప్పుడూ మనిషి వైపు తిరగకూడదు, అంటే టేబుల్ మీద పెట్టేటప్పుడు, తుడిచేటప్పుడు, పక్కవాళ్లకు అందించేటప్పుడు కూడా. కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు, పైన ఫ్రేమ్ మీద నిటారుగా ఉండాలి. నాలుగోది, గురి వెనక ఏముందో చూసుకోవాలి. మన కె.ఆర్.పురం సందుల్లో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే గురి తప్పిన తూటా అక్కడితో ఆగదు, ఎదురింటి కిటికీ ఉంటుంది, బస్‌స్టాప్ ఉంటుంది, రోడ్డు దాటుతున్న మనిషి ఉంటాడు.

ఇంకొకటి చెబుతాను, ఇది తెలియకే ఇళ్లల్లో ప్రమాదాలు జరుగుతాయి. పిస్టల్‌ను ఖాళీ చేసేటప్పుడు ముందు మ్యాగజైన్ (పిడిలో ఉండే తూటాల పెట్టె) బయటికి తీయాలి, ఆ తర్వాతే స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి ఛాంబర్‌లో (పేలడానికి సిద్ధంగా తూటా ఉండే చోటు) ఉన్న తూటాను తీయాలి. వరస తప్పి ముందు స్లయిడ్ లాగారనుకోండి, ఛాంబర్‌లో ఉన్నది బయట పడుతుంది కానీ కింద మ్యాగజైన్ ఉంది కాబట్టి దాంట్లోంచి ఇంకో తూటా పైకి ఎక్కేస్తుంది. అప్పుడు మ్యాగజైన్ తీసేసి ఖాళీ అయిందనుకుంటారు. కాలేదు, ఒకటి లోపలే ఉంది. మ్యాగజైన్ లేని పిస్టల్ కూడా పేలుతుంది. (కొన్ని మోడళ్లలో మ్యాగజైన్ లేకపోతే పేలకుండా ఏర్పాటు ఉంటుంది, మీ దాంట్లో ఉందని నమ్ముకుని కూర్చోకూడదు.) అందుకే స్లయిడ్ వెనక్కి లాగి పట్టుకుని కళ్లతో ఒకసారి, చిటికెన వేలితో ఒకసారి ఛాంబర్ చూడమంటారు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తెరవకూడదు, గొట్టం గురి వైపే ఉంచి కాసేపు ఆగాలి, ఎందుకంటే అరుదుగా ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. కాల్చి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏదీ తినకూడదు, తూటాల్లోని సీసం చేతులకు అంటుకుంటుంది. ఇవన్నీ ఏ దళారీ ఇచ్చే కాగితంలోనూ ఉండవు.

చట్టం సంగతి కూడా క్లాసులో చెబుతారు, అక్కడ శ్రద్ధగా వినండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. ముఖ్యమైనది 37వ సెక్షన్. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేసే హక్కు లేదు, పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు వర్తించదు. అంటే బ్యాగు లాక్కుని పారిపోతున్నవాడి వీపు మీద మీరు కాల్చారనుకోండి, మీ చేతిలో లైసెన్సు ఉన్నా అది మిమ్మల్ని కాపాడదు. మీరు బాధితుడిగా స్టేషన్‌కు వెళ్లి నిందితుడిగా బయటికి వస్తారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 21 ఏళ్లు నిండాలి. 2019లో ఆయుధాల చట్టానికి (ఆర్మ్స్ యాక్ట్) చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి గరిష్ఠంగా రెండు ఆయుధాలే, లైసెన్సు గడువు ఐదేళ్లు. మామూలు పౌరులకు వచ్చేది .32 లాంటి నాన్ ప్రొహిబిటెడ్ బోర్ (పౌరులకు నిషేధం లేని గొట్టం కొలత) మాత్రమే, 9 ఎంఎం అడగొద్దు, అది కేంద్ర హోంశాఖ పరిధిలోది. పోలీస్ స్టేషన్ నుంచి రిపోర్టు తెప్పించుకుంటారు. మీకు ప్రాణభయం ఉందని చూపించే ఆధారాలు, అంటే పాత ఫిర్యాదులు, ఎఫ్ఐఆర్‌లు, బెదిరింపు మెసేజ్‌లు జత చేయండి. లైసెన్సు నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడిగే హక్కు, అప్పీల్‌కు వెళ్లే హక్కు ఉన్నాయి. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనడానికి వీల్లేదని చట్టంలోనే ఉంది.

ఒక మాట అడగనా, రోజూ నగలు ఇంటికి తేవడం తప్పదా? షాపులోనే మంచి సేఫ్, నగల వ్యాపారులకిచ్చే ఇన్సూరెన్సు, వేరే వేరే టైముల్లో షాపు మూయడం, ఇవి ముందు చూడండి. కారులో నగలున్నాయని తెలిసి వచ్చేవాళ్లు ఒక్కరుగా రారు, మీకు పిస్టల్ తీసే టైము ఇవ్వరు.

ప్రశ్న: నమస్కారం. మేం రిటైరయ్యి వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి డాలస్ దగ్గర హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నాడు. కోడలు అక్కడే పుట్టి పెరిగింది, సిటిజన్. వాళ్ల వీధిలో దొంగలు పడ్డాక కోడలు పిస్టల్ కొనింది. ఇప్పుడు ఇద్దరూ కలిసి కన్సీల్డ్ హ్యాండ్‌గన్ లైసెన్సు (పిస్టల్‌ను బట్టల కింద దాచుకుని తిరిగే లైసెన్సు) క్లాసుకు వెళ్తారట. మూడేళ్ల మనవడు ఉన్నాడు. మేం త్వరలో విజిటర్ వీసా మీద వెళ్తున్నాం. ఫోన్లో అడిగితే "ఇక్కడ అందరికీ మామూలే అమ్మా" అంటున్నాడు. మాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. భయపడాల్సింది ఏమైనా ఉందా?
(ఒక తల్లి, వైట్‌ఫీల్డ్)

జవాబు: ఉందమ్మా, మీరు అనుకుంటున్నది మాత్రం కాదు. కోడలు క్లాసుకు వెళ్లొచ్చు, ఇంట్లో పిస్టల్ పెట్టుకున్నాక వెళ్లడమే మంచిది. మీ అబ్బాయి మాత్రం ఆ పిస్టల్‌ను చేత్తో పట్టుకోకూడదు. ఈ ఉత్తరం ఆయనకు ఈ రోజే చదివి వినిపించండి.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం, నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలికంగా ఉండే వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, చదువుకునే పిల్లల ఎఫ్-1, మీ విజిటర్ వీసా అన్నీ ఇందులోకే వస్తాయి. మీ అబ్బాయి ఉండే టెక్సాస్ రాష్ట్రంలో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు దాటినవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ తీసుకెళ్లొచ్చని చట్టం వచ్చింది, మన పిల్లలు ఆ వార్త చదివి తమకూ వర్తిస్తుందనుకుంటారు. వర్తించదు. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. 2022 సవరణతో దీనికి గరిష్ఠ శిక్ష పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెరిగింది. శిక్ష సంగతి అటుంచి, తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయొచ్చు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనైనా సరే. ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ పిల్లాడు ఒక ఆదివారం సరదా కోసం అంతా పోగొట్టుకోవడం నేను చూడలేను.

"కొనడం లేదు కదా, షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాలుస్తా" అంటారు. కాసేపు చేతిలో పట్టుకున్నా అది దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. 2019లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసులో, స్టూడెంట్ వీసా మీద వెళ్లి యూనివర్సిటీ తీసేశాక అక్కడే ఉండిపోయిన ఒక యువకుడిపై కేసు పెట్టింది షూటింగ్ రేంజ్‌కు వెళ్లి కాల్చినందుకే. తన స్టేటస్ సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని కోర్టు చెప్పి శిక్షను కొట్టేసింది, నిజమే, కానీ రేంజ్‌లో కాల్చడం తప్పు కాదని మాత్రం చెప్పలేదు. మీ అబ్బాయికి తన వీసా ఏమిటో బాగా తెలుసు కదా.

దీనికి ఒక మినహాయింపు ఉంది, స్నేహితులు ముందు చెప్పేది అదే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు, అంటే హంటింగ్ లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు. చట్టంలో ఉన్న మాటే. కానీ దానికి గడువు ఉంటుంది, గడువు దాటిన మర్నాడే మళ్లీ నేరమవుతుంది, పైగా రేపు ఏ వీసా ఆఫీసరో అడిగితే తేదీలతో సహా చూపించాలి. ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడి రాతపూర్వకంగా సలహా తీసుకోకుండా ఆ దారిలో వెళ్లొద్దు. షాపులో నింపే 4473 అనే ఫారంలో వీసా గురించి సూటిగా అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే అది ఇంకో నేరం.

ఇప్పుడు అసలు చిక్కు. పిస్టల్ కోడలిది, కానీ ఇల్లు ఇద్దరిది. అది మంచం పక్క సొరుగులో ఉంటే, సేఫ్ తాళం అబ్బాయికి కూడా తెలిస్తే, అది అతని అధీనంలోనూ ఉందని వాదించే అవకాశం ఉంది. అందుకని సేఫ్ కోడ్ కోడలికి మాత్రమే తెలియాలి, కారు డ్యాష్‌బోర్డులో పెట్టి ఆ కారు అతనికి ఇవ్వకూడదు, తూటాల పెట్టె కూడా అదే సేఫ్‌లో ఉండాలి. గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా ఇలాగే ఉండాలి, అప్లికేషన్ పెట్టి ఎదురుచూస్తున్నా సరే.

క్లాసు గురించి అడిగారు కాబట్టి చెబుతాను. టెక్సాస్‌లో ఈ లైసెన్సుకు 1995లో చట్టం చేశారు, 2016 నుంచి దాని పేరు లైసెన్స్ టు క్యారీ, జనం ఇంకా పాత పేరుతోనే పిలుస్తారు. నాలుగు నుంచి ఆరు గంటల పాఠం, తర్వాత రాత పరీక్ష. పాఠంలో ఏముంటుందంటే ఎప్పుడు ప్రాణాంతక బలం వాడొచ్చనే చట్టం, తుపాకీ భద్రత, పిల్లలకు అందకుండా దాచడం, గొడవను మాటలతో చల్లార్చడం. ఆ చివరిది నాకు చాలా నచ్చింది. కారు పార్కింగ్ దగ్గర ఎవడో తిడితే గొంతు తగ్గించి వెనక్కి తగ్గమని తుపాకీ క్లాసులోనే నేర్పుతారు, ఎందుకంటే నడుముకు పిస్టల్ ఉన్న మనిషి మామూలు మనిషి కంటే ఎక్కువ ఓర్చుకోవాలి. ఏ షాపు గుమ్మం మీద 30.06 అనే సెక్షన్ నంబరున్న బోర్డు ఉంటే లోపలికి దాచుకుని వెళ్లకూడదో, 51 శాతం (ఆదాయంలో సగానికి పైగా మద్యం నుంచే అని) రాసిన బార్‌లోకి ఎందుకు పోకూడదో, పోలీసు కారు ఆపితే చేతులు స్టీరింగ్ మీద పెట్టి లైసెన్సు ఎలా చూపించాలో కూడా చెబుతారు. తర్వాత రేంజ్‌లో 50 తూటాలు కాల్చాలి, 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250 మార్కులు, 175 వస్తే పాస్.

లైసెన్సు అవసరం లేని రాష్ట్రంలో క్లాసెందుకు అంటే, ఒకటి జ్ఞానం కోసం, రెండోది ఆ లైసెన్సును ఒప్పుకునే వేరే రాష్ట్రాలకు వెళ్లేటప్పుడు పనికొస్తుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ మాత్రం ఒప్పుకోవు. న్యూయార్క్‌లో వాళ్ల సొంత లైసెన్సుకు 16 గంటల పాఠం, 2 గంటల కాల్పుల శిక్షణ కావాలి. కోడలు కారేసుకుని ఊళ్లు తిరిగేటట్టయితే ప్రతి సరిహద్దు దగ్గరా చట్టం మారుతుందని గుర్తుంచుకోవాలి.

మనవడి విషయంలో మొహమాటపడకండి. అక్కడ దిగిన రోజే "అమ్మాయీ, పిస్టల్ ఎక్కడ పెడుతున్నావు, తాళం ఉందా" అని అడగండి, అది అత్తగారి అజమాయిషీ అనుకుంటుందేమోనని ఊరుకోవద్దు. 17 ఏళ్లలోపు పిల్లలకు లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో అది నేరం. మూడేళ్ల పిల్లాడు బలం చాలక బొటనవేళ్లతో ట్రిగ్గర్ నొక్కుతాడు, అప్పుడు గొట్టం వాడి మొహం వైపే ఉంటుంది. మీరిద్దరూ దాన్ని ముట్టుకోవద్దు, చూపించమని అడగొద్దు, పట్టుకుని ఫొటో అసలే వద్దు.

ప్రశ్న: నేను బెళ్లందూరులో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను, షిఫ్టు అయ్యేసరికి రాత్రి రెండవుతుంది. ఈ మధ్య ఒకడు బైకు మీద క్యాబ్ వెనకే మా ఇంటిదాకా వచ్చాడు. చిన్న పిస్టల్ కొని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుందామని ఉంది. ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా తయారుచేశారట కదా? లైసెన్సు వస్తుందా, తీసుకోమంటారా?
(ఒక పాఠకురాలు, బెళ్లందూరు)

జవాబు: వెంటాడిన రోజు తేదీ, టైము, క్యాబ్ ట్రిప్ వివరాలు ఉంటే ముందు ఫిర్యాదు ఇవ్వండి. ఆడవాళ్ల వెంట పడటం మన చట్టంలో నేరమే, దానికి తుపాకీ లైసెన్సుతో సంబంధం లేదు. రేపు మీరు లైసెన్సుకు పెట్టినా ఆ ఫిర్యాదు కాపీయే మీకు పెద్ద ఆధారం.

మీరు విన్నది నిర్భీక్ గురించి. 2014లో కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన .32 రివాల్వర్, అర కిలో బరువు, అప్పట్లో ధర సుమారు లక్షా ఇరవై రెండు వేలు. తేలిగ్గా ఉందని మంచిదనుకోకండి, తుపాకీ ఎంత తేలికైతే కాల్చినప్పుడు చేతికి అంత గట్టిగా తంతుంది, సాధన లేకపోతే రెండో తూటా ఎక్కడికి పోతుందో తెలియదు. లైసెన్సు రూల్స్ ఆడామగా అందరికీ ఒకటే, కె.ఆర్.పురం వ్యాపారికి మొదటి జవాబులో చెప్పినవే.

హ్యాండ్‌బ్యాగు ఆలోచన మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. మన రూల్స్ ప్రకారం బయట పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో (పిస్టల్ ఒరలో) గానీ దాని కోసం చేసిన సంచీలో గానీ పెట్టుకోవాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. బ్యాగులో తాళాలు, లిప్‌స్టిక్, ఛార్జర్‌తో కలిపి పడేస్తే ఏదో ఒకటి ట్రిగ్గర్‌లో ఇరుక్కుంటుంది. దొంగ మొదట లాక్కునేది కూడా బ్యాగే. ఆఫీసులో సెక్యూరిటీ స్కానర్ దగ్గర ఏం చేస్తారు? మీ కంపెనీ లోపలికి రానివ్వదు, క్యాబ్‌లో వదిలి వెళ్లడం కుదరదు. పీజీలో ఉంటున్నట్టయితే రూమ్‌మేట్లు ఉన్న గదిలో దాచడం ఎలా? మీరు ఇవన్నీ ఆలోచించుకున్నాక కూడా కావాలంటే అది మీ హక్కే, ఎవరూ ఎగతాళి చేయకూడదు, 21 దాటిన మనిషిగా అప్లై చేయండి. ఆత్మరక్షణ హక్కు మీకు గట్టిగానే ఉంది. అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి ఉద్దేశంతో మీద పడితే, పోలీసుల సాయం అందే వీలు లేనప్పుడు, ఎదుటివాడి ప్రాణం పోయేంతగా ఎదిరించినా అది నేరం కాదని న్యాయ సంహిత 38వ సెక్షన్ చెబుతోంది.

లైసెన్సుకు నెలలు పడుతుంది, మీ భయం ఈ రాత్రిది. 112 నంబరు ఫోన్లో స్పీడ్ డయల్‌లో పెట్టుకోండి. పెప్పర్ స్ప్రేకు మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు, కొని ఒకసారి ఖాళీ స్థలంలో గాలి వాటం చూసుకుని నొక్కి చూడండి, బ్యాగు అడుగున కాకుండా చేతికి అందే జేబులో పెట్టండి. రాత్రి షిఫ్టు చేసే ఆడవాళ్లను ఇంటిదాకా భద్రంగా చేర్చడం కంపెనీ బాధ్యత, ఎస్కార్ట్ కావాలని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. మెయిలే పెట్టండి, నోటిమాటగా అడిగితే రికార్డు ఉండదు.

ప్రశ్న: మా బావ హ్యూస్టన్ నుంచి సెలవులకు వస్తున్నాడు. గ్రీన్‌కార్డు ఉంది, రేంజ్‌కు వెళ్తుంటాడు. సూట్‌కేసులో ఒక్క బుల్లెట్ దొరికినా బెంగళూరు ఎయిర్‌పోర్టులో అరెస్టు చేస్తారంటున్నారు, నిజమేనా?
(మారతహళ్లి)

జవాబు: కేసు పెట్టడం నిజమే. లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉండటం ఆర్మ్స్ యాక్ట్ కింద నేరం. ఆ సంగతి తెలిసే ఉంచుకున్నాడా అనేది కోర్టులు చూస్తాయి, పొరపాటున అడుగున ఉండిపోయిన ఒక్క తూటా కేసులను హైకోర్టులు కొట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. కానీ ఆ ఉత్తర్వు వచ్చేదాకా స్టేషను, బెయిలు, తిరుగు టికెట్టు పోవడం, ఉద్యోగానికి సెలవు పొడిగించుకోవడం ఎవరు భరిస్తారు? రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగును ప్రయాణానికి అసలు వాడొద్దని చెప్పండి. వేరే బ్యాగు లేకపోతే ప్రతి జిప్పు తెరిచి, లోపలి గుడ్డ కింద కూడా చెయ్యిపెట్టి చూడమనండి. కాల్చేసిన ఖాళీ తొడుగులు కూడా గుర్తుగా తేవొద్దు, స్కానర్‌లో కనిపిస్తే ఆపి ప్రశ్నిస్తారు.

ప్రశ్న: మా తాత చనిపోయారు. చింతామణి దగ్గర మా ఊళ్లో ఆయన సింగిల్ బ్యారెల్ తుపాకీ, లైసెన్సు పుస్తకం అటక మీద ఉన్నాయి. ఏం చేయాలి? అలాగే నా కొడగు ఫ్రెండుకు లైసెన్సే అక్కర్లేదంటాడు, అదెలా?
(యెలహంక)

జవాబు: తాతగారి లైసెన్సు ఆయనతోనే పోయింది. ఇప్పుడు అది అటక మీద ఉండటం మీ ఇంట్లోవాళ్లకు ప్రమాదం. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. తీసుకెళ్లేముందు స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పండి, వాళ్లే మనిషిని పంపితే ఇంకా మంచిది. వారసుల్లో ఒకరు తన పేరుమీద లైసెన్సు తెచ్చుకుంటే తుపాకీ తిరిగి ఇస్తారు, వద్దనుకుంటే డీలరు ద్వారా అమ్మొచ్చు. ఆ లోపల ఊళ్లో పెళ్లికో జాతరకో గాల్లోకి పేల్చారంటే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు గానీ లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

కొడగులోని కొడవ జాతివాళ్లకు, జమ్మా భూములు (అక్కడి వారసత్వ భూములు) ఉన్నవాళ్లకు బ్రిటిష్ కాలం నుంచి మినహాయింపు ఉంది, కేంద్రం దాన్ని 2029 వరకు పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. ఆ మినహాయింపు మీ ఫ్రెండుది, మీది కాదు. ఆయన ఊరికి వెళ్లినప్పుడు ఆయన తుపాకీ భుజాన వేసుకుని తోటలో తిరగొద్దు.

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్‌ను చూసినప్పటి నుంచి పిస్టల్ క్లాసులో చేర్పించమంటోంది. ఈ లైసెన్సు గోల మాకూ ఉంటుందా?
(జయనగర్)

జవాబు: ఇప్పుడు ఉండదు. మనూ భాకర్ పతకం గెలిచిన 10 మీటర్ల విభాగంలో వాడేది ఎయిర్ పిస్టల్, అందులో మందుగుండు ఉండదు, గాలి ఒత్తిడితో 4.5 మి.మీ. పెల్లెట్ వెళ్తుంది. ఆ తరగతి వాటికి లైసెన్సు అక్కర్లేదు. .22 పిస్టల్‌కు మారినప్పుడు లైసెన్సు సంగతి వస్తుంది, అప్పటికి క్లబ్బువాళ్లే దారి చూపిస్తారు. లైసెన్సు లేదు కదా అని బొమ్మ అనుకోకండి, ఆ పెల్లెట్ కంట్లో పడితే కన్ను పోతుంది. చేర్పించేముందు ఒకరోజు వెళ్లి కూర్చుని చూడండి. పిల్లలు కాల్చే గీత దాటి వెళ్లి టార్గెట్లు మార్చేటప్పుడు మిగతావాళ్ల తుపాకులన్నీ కింద పెట్టి ఉన్నాయా, ఎవరైనా గొట్టం పక్కకు తిప్పితే కోచ్ వెంటనే ఆపుతున్నాడా, చిన్న పిల్లల చేతికి సరిపడే గ్రిప్ ఇస్తున్నారా చూసుకోండి. ఈ మూడూ సరిగ్గా ఉంటే ఫీజు కట్టేయండి. సొంత పిస్టల్ కొనడానికి తొందరపడొద్దు, మొదటి ఏడాది క్లబ్బుదే వాడనివ్వండి.